ఫర్‌ఫైల్స్ నాలుగేళ్లు వాడాక నా రివ్యూ: ఫైల్ వయసు చెబుతుంది, కానీ "దొరకలేదు" అంటే నమ్మకండి

విండోస్‌లో బ్యాచ్ స్క్రిప్టులు (కమాండ్లు వరుసగా రాసి పెట్టుకునే ఫైళ్లు) రాసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది: ఈ ఫైల్ ఎన్నాళ్ల కిందటిది? 30 రోజులు దాటిన లాగ్ ఫైళ్లు తీసేయాలి, రాత్రి బ్యాకప్ పడిందో లేదో పొద్దున్నే చూడాలి, ఇంకో సిస్టమ్ నుంచి రోజూ రావాల్సిన ఫైల్ ఇవాళ వచ్చిందా లేక నిన్నటిదే అక్కడ ఉండిపోయిందా తెలుసుకోవాలి. ఈ పనికి విండోస్‌తో పాటే వచ్చే కమాండ్ ఫర్‌ఫైల్స్. నాలుగేళ్లుగా వాడుతున్నాను. పది పన్నెండు స్క్రిప్టుల్లో ఉంది, వాటిలో కొన్ని రాత్రిళ్లు ఎవరూ చూడనప్పుడు నడుస్తుంటాయి. 5కి 3.5 ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఇంత రాస్తున్నాను, ఎందుకంటే అందులో ఒక మార్కు పోయిన కారణం తెలియకుండానే దీన్ని బ్యాకప్ చెకింగ్‌కి పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారని నా భయం.

ముందు ఇది లేకపోతే ఎంత కష్టమో చెప్పాలి, లేదంటే 3.5 కూడా ఎందుకిచ్చానో అర్థం కాదు. బ్యాచ్ భాషలో తేదీ అనేది ఒక విలువ కాదు, ఉత్త అక్షరాల వరుస. ఫర్ లూప్‌లో టిల్డా, టి పెట్టి ఫైల్ తేదీ తీస్తే, అది ఆ కంప్యూటర్ రీజినల్ సెట్టింగ్ ఎలా ఉంటే అలా వస్తుంది. ఒక మెషీన్‌లో రోజు ముందు, ఇంకోదాంట్లో నెల ముందు, మధ్యలో ఒకచోట అడ్డగీత, ఒకచోట స్లాష్. రోజు ముందుండే తేదీలని నేరుగా పోలిస్తే 02-12-2023 కన్నా 15-01-2023 పెద్దది అయిపోతుంది, ఎందుకంటే అది మొదటి అంకెల్నే చూస్తుంది. సరే ముక్కలు చేసి లెక్క వేద్దామంటే, సెట్ కమాండ్‌లో సున్నాతో మొదలయ్యే అంకెని ఆక్టల్ (0 నుంచి 7 వరకే అంకెలుండే పద్ధతి) అనుకుంటుంది. అంటే 07 వరకూ బాగానే నడిచి, ఆగస్టు రాగానే 08 దగ్గర ఎర్రర్. జూన్‌లో రాసి, టెస్ట్ చేసి, అందరికీ ఇచ్చేసిన స్క్రిప్ట్ ఆగస్టు ఒకటిన ఆగిపోతే ఎవరికైనా మతి పోతుంది. ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం అన్నీ కలిపి ఒకే పెద్ద అంకె చేద్దామన్నా కుదరదు. ఆ లెక్కలు 32 బిట్లవి, 2147483647 దాటితే పనిచేయవు, 12 అంకెల సంఖ్య అందులో పట్టదు. నెలకి ఎన్ని రోజులు, లీపు సంవత్సరం ఎప్పుడు, ఇవన్నీ మనమే రాసుకోవాలి. ఒకప్పుడు ఇలా రాసిన స్క్రిప్టులు చూశాను, వయసు లెక్కకే నలభై యాభై లైన్లు.

ఫర్‌ఫైల్స్ ఆ మొత్తాన్ని ఒక్క లైన్‌లోకి తెచ్చింది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ రిసోర్స్ కిట్ అనే పనిముట్ల కట్టలో విడిగా దొరికేది, సర్వర్ 2003, విస్టా కాలం నుంచి విండోస్‌లోనే ఉంది, విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో చూడొచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు, పాత సర్వర్‌లో రాసింది కొత్త సర్వర్‌లో అలాగే నడుస్తుంది. వాడుక కూడా సులువే. /పి తర్వాత ఫోల్డర్, /ఎమ్ తర్వాత ఫైల్ పేరు లేదా నక్షత్రం పెట్టిన నమూనా, లోపలి ఫోల్డర్లు కూడా చూడాలంటే /ఎస్, వయసు కోసం /డి, దొరికిన ప్రతి ఫైల్ మీద ఏం చేయాలో /సి తర్వాత కోట్స్‌లో. ఆ కోట్స్ లోపల @ఫైల్ అంటే పేరు, @పాత్ అంటే పూర్తి దారి, @ఎఫ్‌సైజ్ అంటే సైజు, @ఎఫ్‌డేట్, @ఎఫ్‌టైమ్ అంటే తేదీ, సమయం. పేర్ల చుట్టూ కోట్స్ అదే పెడుతుంది, ఫైల్ పేరులో ఖాళీలున్నా ఇబ్బంది లేదు. డెల్ (ఫైల్ తీసేసేది), ఎకో (తెర మీద రాసేది) లాంటివి విడి ప్రోగ్రాములు కావు, కమాండ్లు నడిపే సీఎండీ లోపలివి, కాబట్టి వాటి ముందు సీఎండీ /సి పెట్టాలి, ఇది మర్చిపోతే ఫైల్ దొరకలేదన్నట్టు ఎర్రర్ వస్తుంది, కొత్తవాళ్లు గంటసేపు దారి తప్పేది అక్కడే.

ఇక నా అనుభవం.

మా దగ్గర రాత్రి బ్యాకప్ ఒకే పేరుతో ఒక జిప్ ఫైల్‌గా పడేది. పొద్దున ఆరింటికి ఒక చిన్న బ్యాచ్ స్క్రిప్ట్ నడిచి, ఆ ఫైల్ పాతబడితే మెయిల్ పంపాలి. నేను రాసింది అందరూ రాసేదే: ఫర్‌ఫైల్స్‌ని /డి -2 తో ఆ ఫైల్ పేరు మీద నడపడం, ఎర్రర్‌లెవెల్ (కమాండ్ ముగిశాక ఫలితంగా ఇచ్చే నంబర్) 0 వస్తే పాత ఫైల్ దొరికినట్టు, కాబట్టి మెయిల్ పంపు. 1 వస్తే పాత ఫైల్ ఏదీ లేనట్టు, కాబట్టి లాగ్‌లో "బ్యాకప్ తాజాగా ఉంది" అని రాయి. ఫైల్ దొరకనప్పుడు వచ్చే ఎర్రర్ మెసేజ్ రోజూ లాగ్‌లో చికాగ్గా కనిపిస్తోందని దాన్ని నల్‌కి పంపేశాను, అంటే ఎక్కడా కనిపించకుండా పారేయించాను. ఏడాది పైగా బాగా నడిచింది. రెండుసార్లు నిజంగానే బ్యాకప్ ఆగితే మెయిల్ కూడా వచ్చింది, అందుకే నమ్మకం కుదిరింది.

తర్వాత ఒకరోజు డిస్కు నిండిపోయింది. మేం వాడే బ్యాకప్ ప్రోగ్రామ్ పద్ధతి ఏమిటంటే, ముందు పాత ఫైల్‌ని తీసేసి, ఆ తర్వాత కొత్తది రాస్తుంది. పాతది పోయింది, కొత్తది రాయడానికి ఇంకేదో కారణంతో జాగా చాలలేదు, సగంలో ఆగి ఆ సగం కూడా తీసేసింది. ఫోల్డర్ ఖాళీ. పొద్దున ఫర్‌ఫైల్స్ వెళ్లి రెండు రోజుల కన్నా పాత ఫైల్ ఏదైనా ఉందా అని చూసింది, లేదు, ఉంటే కదా. ఎర్రర్‌లెవెల్ 1. లాగ్‌లో "బ్యాకప్ తాజాగా ఉంది". అలా 11 రోజులు. ఎవరో ఒక ఫోల్డర్ పోయింది, తీసివ్వమని అడిగినప్పుడు గానీ మాకు తెలియలేదు. వేరే డిస్కులో ఉన్న నెలవారీ కాపీ నుంచి తీసిచ్చాం, మధ్యలో 19 రోజుల పని పోయింది. ఆ పని చేసినవాళ్లు నా ఎదురుగా కూర్చునే మనుషులు. వాళ్లు మళ్లీ మొదటి నుంచి టైప్ చేస్తుంటే చూడటం నాకు చాలా కష్టంగా అనిపించింది.

తప్పు ఎక్కడుందో చూడండి. ఫైల్ కొత్తగా ఉన్నా 1, ఫైల్ అసలు లేకపోయినా 1. /పి లో ఇచ్చిన ఫోల్డరే లేకపోయినా, డ్రైవ్ అక్షరం మారిపోయినా ఎర్రరే. "మంచిగా ఉంది" అనేదానికీ "అంతా పోయింది" అనేదానికీ ఈ కమాండ్ ఇచ్చే జవాబు ఒక్కటే. వేరే నంబర్ ఇచ్చుంటే ఎంత బాగుండేది! ఒక మార్కు తగ్గించింది దీనికే.

మందు ఏమిటంటే ప్రశ్నని తిరగేసి అడగడం. పాత ఫైల్ ఉందా అని కాదు, కొత్త ఫైల్ ఉందా అని అడగండి. /డి +0 అంటే ఇవాళ్టి తేదీ, ఆ తర్వాతి తేదీ ఉన్న ఫైళ్లు మాత్రమే దొరుకుతాయి. దొరికితే 0, బ్యాకప్ వచ్చినట్టు. మిగతా ఏం జరిగినా, ఫైల్ పాతదైనా, లేకపోయినా, ఫోల్డర్ పోయినా, డిస్కు ఊడినా, అన్నీ 0 కానివే, అన్నిటికీ మెయిల్ వెళ్తుంది. ప్రశ్న తిరగబడింది, అంతే, స్క్రిప్ట్ తప్పు చేసినా అరిచే వైపే తప్పు చేస్తుంది. దీనితో పాటు ఫైల్ సైజు కూడా చూడండి. రాయడం సగంలో ఆగినా, సున్నా బైట్ల ఫైల్ పడినా దాని తేదీ మాత్రం కొత్తగానే ఉంటుంది కదా. ఫర్ లూప్‌లో టిల్డా, జెడ్ పెడితే సైజు వస్తుంది, మీ బ్యాకప్ మామూలుగా ఎంతుంటుందో దానికి బాగా తక్కువలో ఒక గీత గీసుకుని అంతకన్నా చిన్నదైతే కూడా మెయిల్ పంపించండి. ఒక జాగ్రత్త, బ్యాచ్ లెక్క 32 బిట్లదని చెప్పాను కదా, పోల్చడం కూడా అంతే, 2 జీబీ దాటిన ఫైళ్లకి సైజు నేరుగా పోలిస్తే తేడా వస్తుంది. అలాంటి పెద్ద ఫైళ్లకి ఈ పని పవర్‌షెల్‌కి (విండోస్‌లోనే ఉండే ఇంకో స్క్రిప్ట్ భాష) ఇవ్వడం నయం.

ప్లస్, మైనస్ గుర్తుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పొరపాటు పడనివాళ్లని నేను చూడలేదు. /డి -30 అంటే ఇవాళ్టి తేదీలోంచి 30 రోజులు తీసేస్తే వచ్చే తేదీ గానీ, అంతకు ముందుది గానీ. అంటే పాత ఫైళ్లు. అలాగైతే +30 అంటే 30 రోజుల్లోపు వచ్చిన కొత్త ఫైళ్లు అయ్యుండాలి అని ఎవరైనా అనుకుంటారు. కాదు. +30 అంటే ఇవాళ్టికి 30 రోజులు కలిపితే వచ్చే తేదీ, ఇంకా రాని తేదీ! అలాంటి ఫైలే ఉండదు కాబట్టి ఎప్పుడూ దొరకలేదనే అంటుంది. గడిచిన వారంలో మారిన ఫైళ్లు కావాలంటే రోజుల లెక్కతో ఇది చెప్పలేదు, అసలు తేదీనే రాసివ్వాలి, ఆ తేదీ ఎలా లెక్కించాలన్నది మళ్లీ మొదటి సమస్యే. లైనక్స్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకో తికమక. అక్కడ ఫైండ్ కమాండ్‌లో ఎమ్‌టైమ్ +7 అంటే పాతవి, -7 అంటే కొత్తవి. ఇక్కడ పాతవాటికి మైనస్. రెండు రకాల మెషీన్లూ చూసుకునేవాళ్లు స్క్రిప్ట్‌లో ఆ లైన్ పైన ఒక కామెంట్ రాసి పెట్టుకోండి, మీ తర్వాత వచ్చేవాళ్లు మీకు రుణపడి ఉంటారు.

ఇంకో పరిమితి, ఇది గంటలు చూడదు. తేదీ మాత్రమే. రాత్రి 11:50కి రాసిన ఫైల్‌ని 12:10కి /డి -1 తో అడిగితే అది ఒకరోజు పాతదే అంటుంది, నిజానికి దాని వయసు 20 నిమిషాలు. లాగ్‌లు తీసేయడానికి ఇది పెద్ద విషయం కాదు, 30 రోజులా 31 రోజులా అని ఎవరూ తగువు పెట్టుకోరు. కానీ బ్యాకప్ రాత్రి 11కి మొదలై ఒక్కోసారి 11:40కి, ఒక్కోసారి 12:30కి పూర్తయ్యే చోట పైన చెప్పిన +0 చిట్కా కూడా పనిచేయదు, త్వరగా పూర్తయిన రోజు పొద్దున అనవసరంగా మెయిల్ వస్తుంది. నాలుగు రోజులు అలా వట్టి మెయిళ్లు వస్తే ఐదో రోజు నిజం మెయిల్‌ని కూడా ఎవరూ తెరవరు. అందుకే అలాంటి చోట దీన్ని వాడను. మిగతా అర మార్కు పోయింది ఇందుకే.

ఇప్పుడు తొలగించే స్క్రిప్టుల సంగతి. ఫర్‌ఫైల్స్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది కానీ /సి తర్వాత డెల్ పెట్టిన క్షణం నుంచి అది కత్తి. మొదటి ప్రమాదం /పి రాయకపోవడం. రాయకపోతే అప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉంటే అందులో వెతుకుతుంది. చేత్తో నడిపి చూసినప్పుడు మీరు సరైన ఫోల్డర్‌లోనే ఉంటారు, అంతా బాగుంటుంది. అదే స్క్రిప్ట్‌ని టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైమ్‌కి ప్రోగ్రాములు నడిపేది) పెట్టి, ఎక్కడ మొదలవ్వాలి అన్న గడి ఖాళీగా వదిలేస్తే అది సిస్టమ్32 లో మొదలవుతుంది. అడ్మిన్ హక్కులతో నడుస్తూ, నమూనా కూడా రాయకుండా, 30 రోజులు దాటినవన్నీ తీసేయ్ అంటే ఎక్కడి ఫైళ్ల మీద పడుతుందో ఊహించుకోండి. కాబట్టి /పి ఎప్పుడూ పూర్తి దారితో రాయాలి, స్క్రిప్ట్‌లో ఆ ఫోల్డర్ ఉందో లేదో ముందు లైన్‌లోనే చూసి, లేకపోతే అక్కడే ఆపేయాలి.

రెండోది ఫోల్డర్లు. /ఎమ్ లో ఏమీ ఇవ్వకపోతే ఫైళ్లతో పాటు ఫోల్డర్లు కూడా దొరుకుతాయి. డెల్ కమాండ్‌కి ఫోల్డర్ పేరు ఇస్తే ఏం చేస్తుందో తెలుసు కదా, ఆ ఫోల్డర్ లోపలి ఫైళ్లన్నీ తీసేయడానికి సిద్ధమవుతుంది, /క్యూ పెట్టామంటే అడగను కూడా అడగదు. ఇక్కడ అసలు మెలిక ఉంది. ఫోల్డర్ తేదీ మారేది దాని లోపల ఫైల్ కొత్తగా పుట్టినా, పోయినా, పేరు మారినా. లోపలున్న ఫైల్‌లో రోజూ నాలుగు లైన్లు చేరుతున్నా ఫోల్డర్ తేదీ కదలదు. అంటే ఒక ఫోల్డర్ రెండు నెలల పాతదిగా కనిపిస్తుంది, దాని లోపలి లాగ్ ఫైల్ ఈ నిమిషం కూడా రాయబడుతుంటుంది, మీ స్క్రిప్ట్ ఫోల్డర్ వయసు చూసి ఆ కొత్త ఫైల్‌ని తీసేస్తుంది. దీనికి @ఈజ్‌డిర్ అనే విలువ ఉంది, దొరికింది ఫోల్డరా కాదా అని చెబుతుంది, అది ఫాల్స్ అయితేనే డెల్ చేయమని ఇఫ్ పెట్టాలి. ఫాల్స్ అన్నది ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి. చిన్న అక్షరాల్లో రాస్తే ఎప్పటికీ సరిపోలదు, ఏదీ తొలగదు, డిస్కు నిండిపోయాక గానీ తెలియదు.

చిన్న చిరాకులు ఇంకా ఉన్నాయి. ఫోల్డర్ దారిని కోట్స్‌లో పెట్టి చివర బ్యాక్‌స్లాష్ వదిలేస్తే, ఆ స్లాష్ కోట్‌ని మింగేసి, ఆర్గ్యుమెంట్ తప్పు అంటుంది. చివరి స్లాష్ తీసేయండి. నెట్‌వర్క్ షేర్ దారి, అదే రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యేది, నేరుగా ఇస్తే ఒప్పుకోదు, అలాంటివి పనికిరావని మొహం మీదే చెబుతుంది. పుష్‌డీ తో ఆ షేర్‌లోకి వెళ్తే విండోస్ దానికి తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం ఇస్తుంది, పని అయ్యాక పాప్‌డీ తో వదిలేయొచ్చు, నేను అలాగే చేస్తున్నాను. కోట్స్ లోపల మళ్లీ కోట్స్ కావాల్సొస్తే 0ఎక్స్22 అని రాయాలి, చదవడానికి బాగుండదు కానీ పనిచేస్తుంది. ఇక వేగం. దొరికిన ప్రతి ఫైల్‌కీ ఒక కొత్త సీఎండీ పుట్టి చస్తుంది, వందల ఫైళ్లకి తెలియదు, లక్ష ఫైళ్లున్న ఫోల్డర్ మీద వదిలితే మీరు వెళ్లి భోజనం చేసి రావచ్చు.

ఇవన్నీ కమాండ్ లోపాలు లేదా దాని పద్ధతులు. కానీ ఒకటి మనం ఆలోచించుకోవాల్సింది ఉంది, వయసు అంటే ఏ వయసు? ఫర్‌ఫైల్స్ చూసేది ఫైల్ చివరిసారి మారిన తేదీని మాత్రమే. విండోస్‌లో ఫైల్‌ని కాపీ చేస్తే ఆ తేదీ అలాగే వస్తుంది, పుట్టిన తేదీ మాత్రం ఇప్పటిది అవుతుంది. జిప్ విప్పినా లోపలి ఫైళ్లు మామూలుగా వాటి పాత తేదీలతోనే బయటికొస్తాయి. ఎవరో మధ్యాహ్నం ఒక పాత ప్రాజెక్టు జిప్‌ని తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పి, రేపు చూద్దామని వెళ్లిపోతే, రాత్రి మీ స్క్రిప్ట్‌కి అవి మూడేళ్ల కిందటి ఫైళ్లు. పొద్దునకి ఉండవు. మా దగ్గర ఇది జరిగింది, అదృష్టం కొద్దీ జిప్ అలాగే ఉంది. ఫోల్డర్‌లోకి ఎప్పుడు వచ్చిందో కావాలంటే పుట్టిన తేదీ చూడాలి, డిర్ కమాండ్‌కి /టి:సి ఇస్తే కనిపిస్తుంది, కానీ ఫర్‌ఫైల్స్‌తో దాన్ని పట్టుకోలేం. పుట్టిన తేదీలో కూడా ఒక వింత ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) ఒక ఫైల్‌ని తీసేసి 15 సెకన్లలోపు అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే, మామూలుగా పాత పుట్టిన తేదీనే దానికి తిరిగొస్తుంది. కాబట్టి రోజూ ఒకే పేరుతో తీసేసి మళ్లీ రాసే ఫైళ్లకి మారిన తేదీయే మేలు. చివరిసారి తెరిచిన తేదీ మీద మాత్రం దేన్నీ ఆధారపడనివ్వకండి, విస్టా నుంచి చాలా మెషీన్లలో దాన్ని రాయడం ఆపేసి ఉండొచ్చు.

మరి దీని బదులు ఇంకేం వాడొచ్చు అంటే, పాత ఫైళ్లు తీసేసే పనికి నేను ఇప్పుడు ఎక్కువగా విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడుతున్నాను. అందులో /మిన్‌ఏజ్:30 అంటే 30 రోజుల కన్నా కొత్తవి వదిలేయ్ అని, /మాక్స్‌ఏజ్ అంటే అంతకన్నా పాతవి వదిలేయ్ అని. 1900 కన్నా చిన్న అంకె ఇస్తే రోజులు, లేదంటే ఏడాది నెల రోజు వరుసలో తేదీ. /మూవ్ లో చివరి ఇ లేని రూపం ఒకటుంది, అది ఫైళ్లని మాత్రమే కదుపుతుంది, నేను దానితో పాత ఫైళ్లని వేరే డిస్కులో ఒక ఫోల్డర్‌కి పంపి, ఇంకో నెల ఆగి అక్కడ తీసేస్తాను. నెట్‌వర్క్ షేర్లు నేరుగా తీసుకుంటుంది, వేగం కూడా చాలా ఎక్కువ, /ఎల్ పెడితే ఏం చేయబోతోందో చెప్పి ఊరుకుంటుంది. దాని ఎర్రర్‌లెవెల్ 1 వస్తే కంగారు పడకండి, అక్కడ 1 అంటే ఫైళ్లు కదిలాయని, 8 అంతకన్నా ఎక్కువైతేనే తేడా జరిగినట్టు.

గంటలు, నిమిషాలు కావాలంటే పవర్‌షెల్‌కి వెళ్లడమే నయం. విండోస్ 7 నుంచి ప్రతి మెషీన్‌లోనూ ఉంది, బ్యాచ్ లోపలి నుంచే ఒక్క లైన్‌గా పిలవొచ్చు: గెట్-ఐటెమ్‌తో ఫైల్ తీసుకుని, దాని లాస్ట్‌రైట్‌టైమ్ విలువ గెట్-డేట్‌కి యాడ్‌అవర్స్ మైనస్ 9 కలిపిన దానికన్నా పెద్దదైతే 0తో బయటికి రా, మిగతా ఏ సందర్భమైనా 1తో రా. ఇక్కడ కూడా అదే సూత్రం గమనించండి, కొత్తగా ఉంటేనే 0. రీజినల్ సెట్టింగ్ గొడవ లేదు, లీపు సంవత్సరం గొడవ లేదు. పిలిచినప్పుడు మొదలవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, -నోప్రొఫైల్ పెడితే కొంత తగ్గుతుంది, రోజుకోసారి నడిచే స్క్రిప్ట్‌కి అదేం లెక్కలోది కాదు. పాత స్క్రిప్టుల్లో డబ్ల్యూఎంఐసీ (సిస్టమ్ వివరాలు చెప్పే కమాండ్) వాడి తేదీ తీసేవాళ్లు, అది బాగానే ఉండేది గానీ 2021లో విండోస్ 10 21హెచ్1 నుంచే దాన్ని పక్కన పెట్టేస్తున్న వాటిలో చేర్చారు, కొత్త విండోస్ 11 మెషీన్లలో అది ఉండకపోవచ్చు. అలాంటి స్క్రిప్ట్ మీ దగ్గరుంటే ఇప్పుడే మార్చుకోండి.

కాబట్టి నా వాడకం ఇప్పుడు ఇలా ఉంది. ఒకే ఫోల్డర్, లోకల్ డిస్కు, కొన్ని వందల లాగ్ ఫైళ్లు, వయసు రోజుల్లో అంటే ఫర్‌ఫైల్సే వాడతాను, ఇప్పటికీ దాన్ని మించిన సులువైనది లేదు. ముందు వారం రోజులు డెల్ బదులు ఎకో @పాత్ @ఎఫ్‌డేట్ పెట్టి ఆ జాబితాని ఒక ఫైల్‌కి రాయించి కళ్లతో చూస్తాను, ఆ తర్వాతే డెల్. బ్యాకప్ వచ్చిందా అన్న ప్రశ్నకి మాత్రం పవర్‌షెల్ లైనే.

ఏది వాడినా మూడుసార్లు పరీక్షించకుండా సర్వర్ మీద పెట్టడం మానేశాను. కాపీ /బి తో ఫైల్ పేరు, దాని పక్కన ప్లస్, రెండు కామాలు ఇస్తే ఫైల్‌కి ఇప్పటి తేదీ వస్తుంది, అది తాజా ఫైల్ పరీక్ష. పవర్‌షెల్‌లో లాస్ట్‌రైట్‌టైమ్‌కి 40 రోజుల కిందటి తేదీ ఇస్తే అది పాత ఫైల్ పరీక్ష. ఈ రెండూ అందరూ చేస్తారు, నేనూ చేసేవాణ్ణి. మూడోది, ఫైల్ పేరు మార్చి పక్కన పెట్టేసి, అక్కడ ఏమీ లేకుండా నడపడం. అప్పుడు మెయిల్ రావాలి. మొన్న కొత్త సర్వర్ మీద ఈ స్క్రిప్ట్ పెట్టినప్పుడు ఆ మెయిల్ రావడానికి 40 సెకన్లు పట్టింది, వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.